పాత ఫైబర్ బోటుకు రంపం పెట్టేముందు

పాత ఫైబర్ బోటు చవగ్గా దొరికిందంటే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు పైకి కనిపించే బీటల్లో ఉండదు, లోపల నానిన చెక్కలో ఉంటుంది. ఫైబర్ కుళ్లదు. దాని పొరల మధ్య పెట్టిన ప్లైవుడ్డూ, అడుగున పొడవునా వేసిన చెక్క దూలాలూ కుళ్లుతాయి. ఆ దూలాలను స్ట్రింగర్లంటారు, ఇంజను బిగించే వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. ఈ పనికి కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో బాగా ఖరీదైనవి రెజిన్ (ఫైబర్ పొరలను అతికించి గట్టిపడే ద్రవం) డబ్బా మూత తీయకముందే జరిగిపోతాయి. ట్యాంకు దించకుండా గ్రైండర్ పట్టుకుంటారు, బోటును సరిగా ఆనించకుండా కోస్తారు, తడి ఆరకుండా మూసేస్తారు. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగానికి పైగా కోతకు సంబంధించినవే.

ముందు ఇంధనం బయటికి

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా డెక్కు (బోటు లోపల మనం నిలబడే నేల) కింద, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. నిలబడ్డ మనిషి ముక్కుకు వాసన తగలకపోయినా మోకాళ్ల కింద మంటకు సరిపడా ఆవిరి ఉండొచ్చు. గ్రైండర్ మోటారులో బ్రష్‌ల దగ్గర లేచే రవ్వ చాలు. ట్యాంకు ఖాళీదే కదా అన్న ధీమా మరీ చెడ్డది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో ఉన్నదంతా ఆవిరీ గాలీనే.

బ్యాటరీకి ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పి, బ్యాటరీని కిందికి దించేయండి. మిగిలిన పెట్రోలును చేతి పంపుతో, ఇంధనం కోసమే చేసిన క్యాన్లలోకి తీయండి. నోటితో పీల్చొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్ జోలికి అసలే పోవద్దు. ట్యాంకుతోపాటు పాత గొట్టాలూ తీసేయాలి. పెట్రోలు పీల్చుకున్న రబ్బరు రోజుల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. మూతలన్నీ తెరిచి, కనీసం రెండు రోజులు గాలాడనిచ్చాకే కరెంటు పనిముట్లు ఎక్కించండి. వాటి ప్లగ్గు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకర్ మీదే ఉండాలి. తడి అడుగు, మోకాళ్ల మీద మనిషి, చేతిలో గ్రైండర్ అన్న లెక్క మరిచిపోవద్దు.

బోటు లోపలే ఉండే పాత ఇన్‌బోర్డ్ ఇంజను పొగగొట్టానికి తెల్లటి పీచు చుట్టి ఉంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. పరీక్ష చేయించేదాకా గీకొద్దు, కదిలించొద్దు.

బరువు ఎక్కడ ఆనుతోంది

బోటు బరువు మోయాల్సింది కీలు (అడుగు మధ్యలో పొడవునా ఉండే వెన్నెముక) కింద పెట్టిన దుంగలు. పక్కల పెట్టే స్టాండ్లు పడిపోకుండా ఆపడానికే. ఎదురెదురు స్టాండ్ల కాళ్లను గొలుసుతో కలిపి కట్టండి, లేకపోతే ఒక్కోటీ బయటికి జారుతుంది. బోటు మీద కప్పిన టార్పాలిన్ తాడును మాత్రం ఎప్పుడూ స్టాండుకు కట్టొద్దు. గాలి వీస్తే టార్పాలిన్ ఎగురుతుంది, స్టాండును లాగేస్తుంది, దాని వెనకే బోటు ఒరుగుతుంది.

ట్రైలర్ మీదే పని కానిద్దామన్న ఆశ చాలామందికి ఉంటుంది. ట్రైలర్ రోలర్లు బోటును నాలుగైదు చోట్ల మాత్రమే తాకుతాయి. స్ట్రింగర్లు ఉన్నంతవరకు ఫర్వాలేదు. అవి కోసిన మరుక్షణం అడుగు వట్టి గుల్ల, రోలర్ల మధ్య అది కిందికి దిగుతుంది. అలా దిగిన ఆకారం మీదే కొత్త దూలాలు అతికిస్తే వంకర శాశ్వతం. వేగంగా నడిచే బోటుకు అడుగున వెనక ఒకటిన్నర మీటర్ల భాగం తిన్నగా ఉండాలి. అది లోపలికి గుంటపడితే ముక్కు కిందికి నొక్కుకుంటుంది, బయటికి ఉబ్బితే బోటు నీళ్ల మీద గెంతుతూ పోతుంది. కోతకు ముందు ఒక తిన్నటి అల్యూమినియం పట్టీ ఆనించి ఈ భాగాన్ని చూసి, సందు ఎంతుందో రాసుకోండి.

ముక్కు నుంచి ట్రాన్సమ్ మధ్య దాకా దారం లాగి, ప్రతి 50 సెంటీమీటర్లకు దారం నుంచి అడుగుకు ఎంత లోతుందో కొలవండి. రెండు పక్కల అంచుల మధ్య మూడు నాలుగు చోట్ల అడ్డ చెక్కలు స్క్రూలతో బిగించండి, వెడల్పు మారకుండా ఉంటుంది. స్ట్రింగర్లన్నీ ఒకేసారి పీకొద్దు. ఒకటి తీసి, కొత్తది వేసి, అది పూర్తిగా గట్టిపడ్డాక రెండోది. ఆలస్యమవుతుంది, కానీ పోయిన ఆకారాన్ని తిరిగి తెచ్చుకోవడం అంతకంటే పెద్ద పని.

కుళ్లు ఎంతదాకా పాకింది

స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్కు మీద అరచేతి దూరానికోసారి తట్టుకుంటూ పోండి. బాగున్న చోట ‘టక్’ మని ఖంగుమంటుంది, పొర ఊడిన చోట ‘బొద్’ మంటుంది. చప్పుడు మారినచోట పెన్సిల్‌తో గీయండి. అనుమానం తీరాలంటే లోపలి వైపు నుంచి, వీలైనంత కింద, 5 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేయండి. అడుగు బయటికి చిల్లిపడకుండా బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి. పొడిగా, లేత రంగులో, చుట్టలు చుట్టుకుంటూ పొట్టు వస్తే చెక్క బాగుంది. బిట్టు గాడిలో నల్లటి ముద్ద అంటుకుని, వేళ్ల మధ్య నలిపితే వానలో నానిన అట్టలా చిదుగుతూ పులిసిన వాసన కొడితే ఆ చోటే కాదు, ఇంకో అడుగు దూరం దాకా పోయినట్టే. ట్రాన్సమ్‌లో ఇంజను బోల్టుల చుట్టూ, నీళ్లు పోయే రంధ్రం చుట్టూ తప్పకుండా చూడండి. చెక్కలోకి నీళ్లు దిగేది ఎక్కువగా అక్కడే.

డెక్కు కోసేటప్పుడు రంపం లోతును డెక్కు మందానికి మాత్రమే పెట్టండి. సాధారణంగా 10 నుంచి 15 మిల్లీమీటర్లు. పక్క గోడల నుంచి 5 నుంచి 8 సెంటీమీటర్లు వదిలి కోస్తే కొత్త డెక్కు ఆనడానికి అంచు మిగులుతుంది, బోటు గోడకు గాటూ పడదు. డెక్కు కింద ఫోమ్ నీళ్లు తాగి ఉంటే తవ్వి తీయాల్సిందే. దాన్ని వేడి తీగతో కోయొద్దు, కాల్చొద్దు. పాలీయురేథేన్ ఫోమ్ కాలితే సయనైడ్ వాయువు కూడా వస్తుంది.

దుమ్ము

అడుగున పాత రంగుంటే దాన్ని పొడిగా రుద్దొద్దు. నాచు పట్టకుండా వేసే రంగుల్లో రాగి ఉంటుంది. పాతవాటిలో ట్రైబ్యూటైల్ టిన్ కూడా ఉండొచ్చు. నీటి జీవులకు అది ఎంత విషమంటే, దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. తడి కాగితంతో రుద్ది, కింద పరిచిన ప్లాస్టిక్ మీద పడ్డ బురదనంతా పోగుచేసి ప్రమాదకర చెత్త తీసుకునేచోట ఇవ్వండి. కాలువలోకి కడగొద్దు. హీట్ గన్‌తో కాల్చి తీయడమూ వద్దు.

గ్రైండర్ దుమ్ముకు పీ3 లేదా పీ100 ఫిల్టరు, రెజిన్ ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ కావాలి. గుడ్డ మాస్కు రెంటినీ ఆపదు. గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి ఆనదు, ఎంత మంచి మాస్కైనా లాభం లేదు. మణికట్టు, చీలమండల దగ్గర బట్టకు టేపు చుట్టండి. పనయ్యాక ముందు చన్నీళ్లు పోసుకోవాలి, రుద్దకుండా. వేడినీళ్లతో మొదలుపెట్టి తువ్వాలుతో రుద్దితే గాజు నలకలు చర్మంలోకి దిగి రాత్రంతా దురదే. ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు.

రెజిన్ దగ్గర

పాలియెస్టర్ రెజిన్‌కు కేటలిస్టు (దాన్ని గట్టిపరిచే ద్రవం) బరువులో 1 నుంచి 2 శాతం. అరకిలో రెజిన్‌కు 5 నుంచి 10 గ్రాములన్నమాట. ఎండ ఎక్కువగా ఉంటే తక్కువ వైపు, చల్లగా ఉంటే ఎక్కువ వైపు. 1 శాతం కంటే తగ్గితే కొన్నిసార్లు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఇంకో రకం రెజిన్ అయిన ఎపాక్సీకి ఈ పెంచి తగ్గించే వీల్లేదు. డబ్బా మీద 2కు 1 అని ఉంటే 2కు 1, 5కు 1 అని ఉంటే 5కు 1. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో భాగం) ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందనుకుంటే జిగటగానే మిగిలిపోతుంది. డబ్బా మీది నిష్పత్తి కొలతకా, బరువుకా అన్నది కూడా చూడండి, రెండూ ఒకటి కావు.

పాలియెస్టర్ కేటలిస్టు కంట్లో ఒక్క చుక్క పడినా చూపు పోవచ్చు. పక్కన నీళ్ల సీసా లేకుండా డబ్బా తెరవొద్దు. పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూ, ఆపకుండా ఆసుపత్రికి. రెజిన్ తొందరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా కొన్నవాళ్లకు ఇంకో మాట: కేటలిస్టూ కోబాల్టూ నేరుగా కలిస్తే పేలుతాయి. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే కేటలిస్టు. మొదటిసారి చేసేవాళ్లు కోబాల్ట్ ముందే కలిపి అమ్మే రెజిన్ కొనుక్కోవడమే మేలు.

మిశ్రమం లోతైన మగ్గులో వదిలేస్తే దాని వేడి దాన్నే ఉడికిస్తుంది. మొదట మగ్గు గోరువెచ్చగా తగులుతుంది, కుంచె లాగితే తీగ సాగుతుంది. మరో నిమిషానికి చేత్తో పట్టుకోలేం, ప్లాస్టిక్ వంగుతుంది, తెల్లటి ఘాటు పొగ లేస్తుంది. వెచ్చబడగానే దాన్ని బయట ఇసుక మీదో మట్టి మీదో పెట్టేయండి, మిగిలింది వాడేద్దామన్న ఆశ వద్దు, చెత్తబుట్టలో అసలు వద్దు. ఒక్కసారికి 300 నుంచి 500 గ్రాములు కలిపి, వెడల్పాటి లోతులేని ట్రేలో పోసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. అదే కారణంగా మ్యాట్ (రెజిన్‌తో తడిపి వేసే గాజు పీచు పరుపు) కూడా ఒక పూటకు మూడు నాలుగు పొరలకు మించి వేయొద్దు.

లెక్క కోసం: చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది, చదరపు మీటరుకు కిలో, కిలో పావు రెజిన్ తాగుతుంది. మ్యాట్‌లో పీచును పట్టి ఉంచే బైండరు పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌లో కరిగేది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మామూలు మ్యాట్ దానితో సరిగా నానదు, ఎపాక్సీకి రెండు దిశల పీచును కలిపి కుట్టిన బయాక్సియల్ గుడ్డ వాడండి. ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ (బోటు పైన కనిపించే నున్నటి రంగు పొర) పట్టడమూ అనుమానమే. పైన జెల్‌కోటే కావాలనుకుంటే ఆ సంగతి మొదట్లోనే తేల్చుకోండి.

అతుకు పట్టాలంటే చిల్లు అంచును ఏటవాలుగా చెక్కాలి, మందానికి 12 రెట్ల వెడల్పున. 6 మిల్లీమీటర్ల గోడకు చుట్టూ 72 మిల్లీమీటర్లు. చూడ్డానికి చిన్న చిల్లు ఇంత పెద్దదైందేమిటని భయం వేస్తుంది, అయినా తగ్గించొద్దు. రుద్దేముందు అసిటోన్‌తో తుడవండి, రుద్దాక కాదు. ముందే రుద్దితే పాత మైనం గీతల్లోకి దిగిపోతుంది. సిలికోన్ సీలెంట్ బోటు దగ్గరికే తేవొద్దు, అది అంటిన చోట రంగూ జెల్‌కోటూ నిలవవు. తడి మీద రెజిన్ పట్టదు. తెరిచిన చోట చెక్కా ఫైబరూ ఆరడానికి వారాలు పట్టొచ్చు. ఒక చదరపు అడుగు పారదర్శక ప్లాస్టిక్ చుట్టూ టేపు వేసి అతికించి ఒక రాత్రి ఉంచితే, పొద్దునకు లోపల ఆవిరి చుక్కలు కనబడితే ఇంకా ఆగాల్సిందే.

నీళ్లలో దించే రోజు

మొదటిసారి బోటును ట్రైలర్ పట్టీలు విప్పకుండానే, తేలేంతవరకే నీళ్లలోకి దించండి. నీళ్లు పోయే రంధ్రానికి బిరడా బిగించారో లేదో చేత్తో తాకి చూడండి. లోపల నేల మీద పొడి కాగితం పరిచి, అరగంట ఆగి చూస్తే నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయో మచ్చే చెబుతుంది. అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు నడుస్తోందా, లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా చూసుకుని, ఇంజను స్టార్ట్ చేసేముందు బ్లోవర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నాలుగు నిమిషాలు నడపండి. మొదటి గంట ఒడ్డుకు ఈదగలిగే దూరంలోనే తిప్పి, తిరిగి వచ్చాక ట్రాన్సమ్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి చూడండి. కొత్త అతుకుల చుట్టూ వెంట్రుకవాసి బీట కనబడితే ఆ వేసవికి బోటు ఒడ్డునే.