తట్టు టీకా రెండు డోసులూ పూర్తి చేయించడం ఎలా?

తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎం.ఆర్. టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మొదటి డోసు 9 నెలలు నిండగానే, రెండోది 16–24 నెలల మధ్య వేయించాలి. జారిపోయేది ఎక్కువగా ఆ రెండోదే. అప్పటికి బిడ్డ నడుస్తుంటాడు, ఇంట్లో అందరూ పత్తి చేను పనుల్లో పడతారు, సూదులన్నీ అయిపోయాయన్న ధీమా వస్తుంది. కానీ 9 నెలలప్పటి డోసుతో 100 మందిలో సుమారు 85 మందికే రక్షణ ఏర్పడుతుంది. రెండూ పడితే 97 మందికి.

1. టీకాల కార్డు తీసి చూడండి. ఎం.ఆర్. గడి ఖాళీగా ఉంటే ఆశా కార్యకర్తకు ఈరోజే చెప్పండి. కార్డును ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కార్డు పోయిందని వెళ్లడం మానకండి. ఏఎన్ఎం దగ్గర నమోదు వివరాలు ఉంటాయి.

2. మన పల్లెల్లో సాధారణంగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. పొద్దున్నే వెళ్లండి. కలిపిన మందును 4 గంటల్లోపే వాడాలి.

3. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా వేయించవచ్చు. "జలుబు తగ్గాక చూద్దాం" అనుకుంటూ నెలలు గడిపేయడమే అసలు ప్రమాదం. తీవ్రమైన జ్వరం ఉన్నా, గతంలో టీకా వికటించినా, క్యాన్సర్ చికిత్స జరుగుతున్నా ముందుగా డాక్టరుకు చెప్పాలి.

4. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. విటమిన్ ఎ చుక్కలు వేశారా అని అడగండి. వారం, పది రోజులకు కాస్త జ్వరం, సన్నని దద్దురు రావచ్చు. అవి రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి.

5. గడువు దాటిపోయిందా? 5 ఏళ్లు నిండేలోపు వేయించవచ్చు. రెండూ తప్పిపోతే మధ్యలో కనీసం నెల ఎడం ఉండాలి.

పని కోసం ఊరు విడిచి వెళ్లే కుటుంబాలు కార్డు వెంట తీసుకెళ్లాలి. ఏ ఊళ్లోనైనా టీకా వేస్తారు. మేడారం జాతరకు బిడ్డను తీసుకెళ్తుంటే, గడువుకొచ్చిన డోసును కనీసం రెండు వారాల ముందే వేయించండి. తట్టు గాలి ద్వారా వ్యాపిస్తుంది. రోగి వెళ్లిపోయాక కూడా ఆ గాలిలో 2 గంటల వరకు వైరస్ ఉండగలదు.

జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్లు, ఆపై ముఖం నుంచి మొదలయ్యే దద్దురు కనిపిస్తే తట్టు పోసిందని అనుమానించాలి. వేపాకులు కట్టడం మీ ఆచారమైతే కట్టుకోండి, డాక్టరు దగ్గరికి మాత్రం ఆ రోజే వెళ్లండి. తట్టు సోకిన బిడ్డకు విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు ఇస్తారు. దద్దురు వచ్చాక 4 రోజుల వరకు మిగతా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎగశ్వాస, ఫిట్స్, పాలు తాగలేకపోవడం, మగతగా పడి ఉండటం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వరంగల్ చుట్టుపక్కల వారికైతే ఎంజీఎం ఉంది.