పగటి వెలుగులో సీనియర్ ఫోటోలు – మూడవ పాఠం: నీడ అంచున ముఖం

షట్టర్ వేగం (వెలుగును లోపలికి రానిచ్చే సమయం), అపర్చర్ (లెన్సు రంధ్రం వెడల్పు), ఐ.ఎస్.ఓ. (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) అనే మూడింటిలో ఒకదానిని మార్చినప్పుడు మిగిలిన రెండింటిని ఎలా సర్దుకోవాలో గత పాఠంలో అభ్యాసం చేశాము. ఈ పాఠంలో సగం సేపు కెమెరా సంచిలోనే ఉంటుంది. ముఖం మీద వెలుగు ఎటు నుంచి, ఎంత మెత్తగా పడుతున్నదో ఉత్త కళ్లతో చూడడం వచ్చిన తరువాతే కెమెరా బయటికి తీద్దాము.

ఈ పాఠమాలను మధ్యలో అందుకున్నవారి కోసం ఒక మాట. అమెరికాలో హైస్కూలు చివరి సంవత్సరం, అంటే పన్నెండవ తరగతి, చదివే పిల్లలను సీనియర్లు అంటారు. స్కూలు ఏటా వేసే ఫోటోల పుస్తకం, అంటే ఇయర్‌బుక్‌లో వేసే చిన్న ఫోటోను సాధారణంగా స్కూలు కుదుర్చుకున్న స్టూడియోవారే తీస్తారు. దానితో పాటు ఇంటి గోడకు, గ్రాడ్యుయేషన్ కార్డులకు, ఊళ్లో ఉన్న తాతయ్యకూ అమ్మమ్మకూ పంపడానికి కుటుంబాలు విడిగా ఆరుబయట తీయించుకునే ఫోటోలే మన విషయం. నేను డాలస్ ప్రాంతంలో, ఎక్కువగా ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోని తెలుగువారి పిల్లలకు ఈ ఫోటోలు తీస్తుంటాను కాబట్టి ఉదాహరణలు కూడా అక్కడివే.

మొదట వేళ నిర్ణయించుకోవాలి. తల్లిదండ్రులు సాధారణంగా "శనివారం మూడింటికి వస్తాము" అంటారు. కాని మనం ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. డాలస్‌లో ఆగస్టు మొదట్లో పొద్దు ఎనిమిది దాటాక గానీ కుంకదు. అక్టోబరు చివరి వారానికి ఆరున్నర దాటగానే కుంకుతుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పిన తరువాత అయిదున్నరకే చీకటి మొదలవుతుంది. అందుచేత ఒకే పార్కులో, ఒకే చెట్టు దగ్గర, సెప్టెంబరులో ఆరింటికి దొరికిన వెలుగు నవంబరులో నాలుగింటికే వచ్చి వెళ్లిపోతుంది. అస్తమయానికి రెండు గంటల ముందు రమ్మని చెప్పండి. మొదటి గంట నీడలో పని జరుగుతుంది, చివరి అరగంట ఎదురెండకు మిగులుతుంది. ఆ ఎదురెండ సంగతి నాలుగవ పాఠంలో వస్తుంది.

ఇక అసలు విషయం. ఎండలో నిలబెడితే కళ్లు చికిలిస్తారు, ముక్కు కింద, కనుగుంటల్లో గట్టి నీడలు పడతాయి. దట్టమైన చెట్టు కిందికి తీసుకెళితే ముఖం చప్పబడిపోతుంది, పైగా ఆకుల సందుల్లోంచి జారిన ఎండ చుక్కలు బుగ్గల మీద మచ్చల్లా కనబడతాయి. ఈ రెండింటి మధ్య మనకు కావలసినది నీడ అంచు. పైన కప్పు ఉండి, ఎదుట ఆకాశం విశాలంగా తెరుచుకుని ఉన్న చోటు అది. మన ఇళ్లలో వసారా అంచున కూర్చుని బియ్యం ఏరుకునే పెద్దవాళ్లకు ఈ వెలుగు బాగా తెలుసు. రాయీ గింజా స్పష్టంగా కనబడేది అక్కడే.

సాయంత్రం వేళ ఇటువంటి చోటు సులభంగా దొరికేది భవనాల తూర్పు గోడల వద్ద. సూర్యుడు పడమట ఉంటాడు కాబట్టి ఆ గోడ తన నీడను తానే పరుచుకుని ఉంటుంది, దాని ఎదురుగా తూర్పు ఆకాశమంతా ఒక పెద్ద కిటికీలా వెలుగునిస్తుంది. గోడకు ముందు ఎండ పడుతున్న లేత రంగు సిమెంటు నేల కూడా ఉన్నదంటే అంతకన్నా మంచి చోటు వెతకనక్కరలేదు. ఆ నేల మీద పడిన ఎండ పైకి తిరిగి వచ్చి, గడ్డం కింది నీడనూ కనుగుంటల చీకటినీ తానే నింపుతుంది. పార్కింగు స్థలం పక్కన ఒక మామూలు ఇటుక గోడ ముందు తీసిన ఫోటోలు, ఎంతో పేరున్న తోటలో మధ్యాహ్నం తీసిన ఫోటోల కన్నా బాగా రావడానికి కారణం ఇదే. చోటు అందం చూసి వెలుగును సర్దుకోవాలనుకోవడం, నా అనుభవంలో, కొత్తగా నేర్చుకునేవారిని అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసే అలవాటు.

వెలుగు దిక్కు తెలుసుకోవడానికి ఒక అభ్యాసం చేయండి. ఫోటో తీయవలసిన అమ్మాయినో అబ్బాయినో నీడ అంచుకు అడుగు లోపల నిలబెట్టి, ఉన్నచోటనే మెల్లగా ఒక చుట్టు తిరగమనండి. మీరూ ఎదురుగా నడుస్తూ కళ్లనే చూడండి. ఒక దిక్కున కనుపాపల పైభాగంలో తెల్లని మెరుపు వెలుగుతుంది, ఇంకొంచెం తిరగగానే అది ఆరిపోతుంది. మెరుపు ఉన్నచోట ఆపండి. ముఖాన్ని అక్కడి నుంచి కొద్దిగా పక్కకు తిప్పితే ఒక బుగ్గ వెలుగులోనూ రెండవది లేతనీడలోనూ ఉండి, ముఖానికి గుండ్రదనం వస్తుంది. కెమెరా లేకుండా ఈ పని పదిసార్లు చేసినవారికి పదకొండవసారి తిప్పవలసిన అవసరమే ఉండదు.

నేను చేసిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. తొలి రోజుల్లో ఒక అమ్మాయిని లంగా వోణీలో, పచ్చని పచ్చిక మధ్య, గుబురు చెట్టు కింద కూర్చోబెట్టి రెండు గంటలు తీశాను. కెమెరా వెనుక తెర మీద అన్నీ బాగానే కనబడ్డాయి. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే ఆ పిల్ల గడ్డం, మెడ, చెంపలు పసరు పూసినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. పచ్చికా ఆకులూ తమ రంగును వెలుగుతో కలిపి ముఖం మీదికి పంపాయి. దానిని సవరించబోతే వోణీ ఎరుపు చెడింది. మరుసటి వారం మళ్లీ పిలిచి మొదటి నుంచీ తీయవలసి వచ్చింది. అప్పటి నుంచి పచ్చిక మీద కూర్చోబెట్టవలసి వస్తే ఫ్రేములోకి రాకుండా ముందు ఒక తెల్ల దుప్పటి పరుస్తున్నాను. పట్టుబట్ట విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: ముదురు ఎరుపు పట్టు గడ్డం కిందికి ఎర్రదనాన్ని పంపుతుంది, కాబట్టి పైట మడతను మెడకు కొంచెం దిగువగా సర్దమనండి.

కెమెరాను ఇప్పుడు బయటికి తీయవచ్చు. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తాను చూసినదంతా మధ్యస్థమైన బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది. వెనుక తెల్లని ఆకాశం ఉంటే ముఖాన్ని నల్లబరుస్తుంది, వెనుక ముదురు పొదలు ఉంటే వెలవెలబోయేటట్లు చేస్తుంది. అందుకే స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోట పడే వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి, వెలుగు పడుతున్న చెంప మీదనే కొలవండి. చామనఛాయ ముఖం ఇంచుమించు ఆ మధ్యస్థ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి కొలిచినది కొలిచినట్టు ఉంచవచ్చు. ముఖం ఇంకా నలుపైతే ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోటోలో చేరే వెలుగును, అర స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించాలి (ఒక స్టాప్ అంటే వెలుగు సగం కావడం లేదా రెట్టింపు కావడం), బాగా తెలుపైతే ఒక స్టాప్ దాకా పెంచాలి. నల్లని పిల్లలకు ఎక్స్‌పోజర్ పెంచి "తెల్లగా" తీసి ఇవ్వడం ఒక సేవ అనుకునేవారు ఉన్నారు, కొన్నిసార్లు తల్లులే అలా అడుగుతారు కూడా. నేను ఒప్పుకోను. పదిహేడేళ్ల వయసులో తన ఛాయ తనకు సరిగ్గా కనబడే ఫోటో ఒకటి ఆ పిల్ల చేతిలో ఉండాలి. నుదుటి మీద జిడ్డు మెరుపును మాత్రం తీసే ముందే మెత్తని కాగితంతో అద్దించండి.

వెలుగు రంగుకు తగ్గట్టు ఫోటో రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా కెమెరాలోని నీడ గుర్తు మీద, అంటే సుమారు 7,000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) వద్ద, నిలిపి ఉంచితే ఫోటోలన్నీ ఒకే రంగులో వస్తాయి. 85 ఎం.ఎం. లెన్సుతో రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8 అపర్చర్‌లో (ఈ అంకె చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దది) తీస్తే ఫోకస్ నిలిచే లోతు దాదాపు ఆరు సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకు తిరిగితే చాలు, ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండవది మసకబారుతుంది. ఎఫ్ 2.8 కు వస్తే ఆ లోతు దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు అవుతుంది. అక్కడే మొదలుపెట్టి, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టండి. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా నెమ్మదించకూడదు, నవ్వు వచ్చేది కదలికలోనే.

కళ్లజోడు పెట్టుకునే పిల్లలు మనవారిలో చాలామంది ఉంటారు. తీసేయమని చెప్పకండి, అది వారి ముఖంలో భాగం. జోడు కాడలను చెవుల మీద వేలి మందం పైకి ఎత్తి ఉంచితే అద్దాలు కొద్దిగా కిందికి వంగి, ఆకాశపు మెరుపు కెమెరాలోకి రాకుండా పోతుంది.

ఇంత చేసినా ముఖం బిగుసుకుని ఉంటే వెలుగు ఏమీ చేయలేదు. ఆ వయసు పిల్లలు కన్నవారి ఎదుట నవ్వలేరు. వెనుక నుంచి అమ్మ "పళ్లు కనబడేలా నవ్వు నాన్నా" అన్నప్పుడల్లా నవ్వు ఇంకా లోపలికి పోతుంది. అమ్మగారిని మర్యాదగా కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చోమని అడిగి, పిల్లల చేతికి వారిదైన వస్తువు ఒకటి ఇవ్వండి. స్కూలు మార్చింగ్ బ్యాండులో ట్రంపెట్ వాయించే ఒక అబ్బాయి అరగంట సేపు కర్రలా నిలబడ్డాడు. పెట్టె తెరిచి, ట్రంపెట్ నోటి భాగాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ, ఈ సంవత్సరం ఏ పాట కష్టంగా ఉన్నదో చెప్పడం మొదలుపెట్టాడు. భుజాలు దిగాయి, కనుబొమలు విడివడ్డాయి. వాళ్లింటి గోడ మీద ఉన్నది ఆ తుడుస్తున్న ఫోటోయే.

రైలు పట్టాల మీద ఫోటో కావాలని తప్పక ఎవరో ఒకరు అడుగుతారు. ఎంత బతిమాలినా తీయవద్దు. పట్టాలు రైల్వే సంస్థల సొంత ఆస్తి, అక్కడికి వెళ్లడమే చట్టవిరుద్ధం. దూరం నుంచి వచ్చే రైలు వేగాన్ని కంటితో అంచనా వేయడం కూడా ఎవరికీ సాధ్యం కాదు.

వచ్చే పాఠం లోపల చేయవలసిన పని ఇది. మీ ఇంటి చుట్టుపక్కల మూడు తూర్పు గోడలు ఎంచుకుని, ఒకే మనిషిని ఒకే సాయంత్రం, అస్తమయానికి గంటన్నర ముందు ఒకసారి, అరగంట ముందు ఒకసారి నిలబెట్టి తీయండి. ప్రతి ఫోటో కింద వేళను, కనుపాపలో మెరుపు ఏ వైపున ఉన్నదో, చెంప మీద మీటరు ఏమి చూపిందో రాసిపెట్టండి. నాలుగవ పాఠం ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే మొదలవుతుంది.