చెన్నై ఇంటికి తివాచీ కొనేముందు

మాది వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్. 2015 డిసెంబరు వరదకి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మా అత్తగారు ఏలూరు నుంచి తెచ్చిన ఉన్ని తివాచీ తడిసి ఎంత బరువెక్కిందంటే, నలుగురం పట్టి లాగితేగాని గుమ్మం దాటలేదు. పై అంతస్తు మామి టెర్రస్ తాళంచెవి ఇచ్చారు కాబట్టి ఆరింది, కానీ ముక్కిన వాసన పోలేదు. అప్పట్నుంచి ఏ గదికి కొనాలన్నా రంగు తర్వాత, దీన్ని ఎక్కడ ఆరేస్తానన్నదే ముందు చూసుకుంటాను.

హాలుకి కొలత ముఖ్యం. పాత పేపర్లు తివాచీ సైజులో నేల మీద పరిచి చూడండి. సోఫా ముందు కాళ్లు తివాచీ మీదికి రావాలి. మూడు సీట్ల సోఫాకి 5×8 అడుగులైనా ఉండాలి, లేకపోతే చేతిరుమాలు పరిచినట్టుంటుంది. పోగులు పొట్టిగా ఉన్నదే తీసుకోండి, పొడుగు పోగుల్లో దుమ్ము దిగితే తొందరగా రాదు.

షాపులో మొహమాటపడకుండా తివాచీ తిరగేయండి. చేత్తో ముడులు వేసినదైతే డిజైన్ వెనకవైపు కూడా స్పష్టంగా కనబడుతుంది, కుచ్చులు ఆ నేతలోంచే వస్తాయి. వెనక గుడ్డ అంటించి, కుచ్చులు విడిగా కుట్టి ఉంటే అది టఫ్టెడ్ రకం, అంటే ముడులు వేయకుండా చేత్తో పట్టుకునే మిషన్‌తో పోగులు గుచ్చి చేసినది. ఆ గుడ్డని పట్టి ఉంచే రబ్బరు జిగురు కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది. ఒకసారి నాకు దీన్నే ‘చేతిపని’ అని అంటగట్టారు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు! ఉన్నేనా అని అనుమానముంటే రాలిన పోగు ఒకటి అడిగి తెచ్చుకుని కాల్చండి. జుట్టు కాలిన కంపు కొడితే ఉన్ని, కరిగి గట్టి పూసలా అయితే ప్లాస్టిక్.

పడగ్గదికి నా ఓటు జంబుఖానాకే. ఇక్కడివాళ్లు జమక్కాళం అంటారు, ఈరోడ్ జిల్లా భవానీవి పేరున్నవి. నూలుది కాబట్టి ఉతికి దండెం మీద వేసుకోవచ్చు. టైల్స్ మీద మాత్రం జారుతుంది, కింద రబ్బరు జాలీ వేయాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే అంచులు పైకి లేవకుండా చూసుకోండి.

భోజనాల బల్ల కింద అసలొద్దంటాను. వేసే తీరాలంటే కడిగేసే పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్‌ది, కుర్చీ వెనక్కి జరిపినా కాళ్లు దిగకుండా బల్లకి నాలుగు వైపులా రెండడుగులు ఎక్కువ ఉండేలా వేయండి. జనపనారది మాత్రం వద్దు, పప్పుచారు సంగతలా ఉంచి, ఉత్త నీళ్లు పడినా మరక కడుతుంది. పూజ గదికి కోరగడ్డి (తుంగ) చాప చాలు.

అక్టోబరు వానలు మొదలయ్యేలోపే మేము హాలు తివాచీని రెండు వైపులా ఎండబెట్టి, దులిపి, మడతపెట్టకుండా చుట్టేస్తాం. ప్లాస్టిక్ కవరు వేస్తే లోపల చెమ్మ పడుతుందని పాత దుప్పట్లో కట్టి అటకెక్కిస్తాం. మళ్లీ దించేది సంక్రాంతికే.