కమాను నేర్చుకుందాం – 3వ పాఠం: సెంట్రింగ్ తీసే వేళ

కిందటి పాఠంలో బట్టల సబ్బు కోసి తొమ్మిది ముక్కలు చేసుకున్నాం. ఒక్కొక్కటి పైన 4.2 సెంటీమీటర్లు, కింద 2.8, ఎత్తు 4. ఇవాళ వాటిని నిలబెడదాం.

ముందు ప్లాకా వంతెన గురించి చెప్పాలి. గ్రీసులో, ఎపిరస్ కొండల మధ్య అరాఖ్థోస్ నది మీద ఉంది. ఒకే కమాను, ఈ కాలి నుంచి ఆ కాలికి సుమారు 40 మీటర్లు, ఎత్తు సుమారు 20 మీటర్లు. అక్కడున్న పాత వంతెన 1860లో పోయింది. 1863లో కొత్తది కడితే ప్రారంభం రోజే కూలిపోయింది. అయినా ఊళ్లవాళ్లు వదల్లేదు. 1866లో కోస్తాస్ బేకాస్ అనే మేస్త్రి మళ్లీ కట్టి నిలబెట్టాడు. ఆ మేస్త్రి ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మన ఇళ్ల స్లాబుకి వేసినట్టే కమానుకీ సెంట్రింగ్ కావాలి. నడినెత్తి రాయి, అంటే కమాను పైన సరిగ్గా మధ్యలో చివరగా పెట్టే రాయి, పడేదాకా రాళ్ల బరువంతా సెంట్రింగ్ మీదే.

రెండు ఇటుకలు 16 సెంటీమీటర్ల ఎడంతో పెట్టండి. మధ్యలో పుస్తకాలు, వాటి మీద పది పేకముక్కలు, ఆపైన 8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో కోసిన థర్మోకోల్ అర్ధచక్రం. దాని అడుగు ఇటుకల పైభాగానికి సమానంగా రావాలి. సబ్బు ముక్కలు రెండు వైపుల నుంచీ సమానంగా పేర్చుకుంటూ రండి. నడిముక్క చివర్న, వదులు లేకుండా.

ఇప్పుడు పేకముక్కలు ఒక్కొక్కటిగా లాగండి. తొందర వద్దు. మూడో నాలుగో ముక్క దగ్గర థర్మోకోల్‌కీ సబ్బుకీ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. కమాను తన కాళ్ల మీద తాను నిలబడింది!

థర్మోకోల్ తీసేశాక ఒక వైపు అట్టడుగు ముక్కను వేలితో కొద్దిగా బయటికి జరపండి. నడినెత్తి దగ్గర కింది వైపు అతుకు నోరు తెరుస్తుంది. ఏదైనా పాత రాతి వంతెన కింద నిలబడినప్పుడు మొదట చూడాల్సింది అక్కడే. అక్కడ చీలిక ఉంటే కాళ్లు దూరం జరిగాయేమోనని ముందు అనుమానించాలి.

2015 ఫిబ్రవరి 1న వచ్చిన వరదకి ప్లాకా కమాను కూలింది. నదిలో పడ్డ రాళ్లు ఏరి, మళ్లీ సెంట్రింగ్ వేసి, 2020కి తిరిగి నిలబెట్టారు.

వచ్చే పాఠం లోపు ఇదే పని మూడుసార్లు చేయండి. ఏ పేకముక్క దగ్గర వెలుగు కనిపించిందో ప్రతిసారీ రాసుకోండి. సబ్బు ముక్కలు పారేయకండి. వచ్చే పాఠంలో వాటి మీద బరువు పెట్టబోతున్నాం, నడినెత్తి మీద కాదు, పక్క భుజం మీద.