పారిస్ నేల కింద గనుల్లోకి దిగాలనుకునేవాళ్లకు జాగ్రత్తలు

2017 జూన్‌లో పారిస్ నేల కింద దారి తప్పిన 16, 17 ఏళ్ల కుర్రాళ్లిద్దరిని మూడు రోజులకు కుక్కల సాయంతో వెతికి పట్టుకున్నారు. ఒళ్లు చల్లబడి ఆసుపత్రి పాలయ్యారు. కింద ఎప్పుడూ ఉండేది 14 డిగ్రీలే. నడుస్తున్నంతసేపూ అది హాయిగానే ఉంటుంది. తడిబట్టలతో రాతి మీద కూర్చుంటే ఒంట్లో వేడి లాగేస్తుంది.

పారిస్‌లో దాన్‌ఫేర్-రోష్‌రో కూడలి దగ్గర టికెట్ కొని చూసే ఎముకల గదుల (కాటకూంబ్స్) దారి కిలోమీటరున్నర. దీపాలుంటాయి, ఒకే దారి, భయం లేదు. దాన్ని దాటి దాదాపు 300 కిలోమీటర్ల పాత సున్నపురాయి గనులున్నాయి. వాటిలోకి దిగడం 1955 నుంచి నిషేధం, పట్టుబడితే జరిమానా. దిగొద్దనే మా మాట. అక్కడ చదువుకునే మన పిల్లలు కూడా వీడియోలు చూసి ముచ్చటపడుతున్నారని ఇది రాస్తున్నాం.

జనాన్ని ముంచే తప్పు ఒకటే: ఫోన్‌ని నమ్ముకోవడం. 20 మీటర్ల రాయి కింద సిగ్నల్ అందదు, జీపీఎస్ పనిచేయదు. టార్చి వేస్తే బ్యాటరీ కరిగిపోతుంది. నీళ్లలో జారిపడ్డారా, దీపమూ మ్యాపూ ఒక్క క్షణంలో పోతాయి. ఆ చీకట్లో మీ చెయ్యి మీకే కనబడదు. మనిషికి ఒక తలదీపం, విడిగా ఇంకో టార్చి, రెండింటికీ అదనపు బ్యాటరీలు ఉండాలి. మ్యాపు కాగితం మీదే, ప్లాస్టిక్ కవరులో. ఫోన్ ఆఫ్ చేసి లోపలి జేబులో పెట్టండి.

గోడల మీద చెక్కిన, సరిగ్గా పైనున్న వీధుల పేర్లు చదువుతూ, రాసుకుంటూ నడవండి. 1777 తర్వాత గనులను తనిఖీ చేసి, గోడలతో బలపరిచినవాళ్లు చెక్కించినవి అవి. పైన ఆ వీధి పేరు ఇప్పుడు మారి ఉండొచ్చు, కాబట్టి దాన్నిబట్టి దారి ఊహించకండి.

మీరు దిగిన మ్యాన్‌హోల్ మూత తిరిగొచ్చేసరికి తెరిచే ఉంటుందనుకోవద్దు, చాలావాటిని వెల్డింగ్ చేసి మూసేస్తారు.

పైకప్పులో గంట ఆకారపు గుంత, కింద కొత్తగా రాలిన రాళ్లు కనబడితే వెనక్కి తిరగండి. అక్కడ కప్పు ఇంకా కూలుతోంది.

ఒంటరిగా వద్దు. తాగి వద్దు. గుంపు విడిపోవద్దు. నేలలో నీళ్లు కనబడితే కర్రతో లోతు చూడకుండా అడుగు పెట్టొద్దు, అది బావి కావచ్చు. పొగ కనబడితే తిరిగి రండి. మురుగు కాలువలోంచి దారి ఉందంటే నమ్మొద్దు, వాన పడితే అది నిండుతుంది. పైన ఒకరికి దిగే చోటు, తిరిగొచ్చే గంట చెప్పి వెళ్లండి. ఆ గంట దాటితే వాళ్లు 112కి ఫోన్ చేయాలి. జరిమానా పడుతుందని ఆలస్యం చేయొద్దు. దారి తప్పితే కదలొద్దు, కింద ఏదైనా పరుచుకుని దగ్గరగా కూర్చోండి, ఒక్క దీపమే వెలిగించండి. ఆ దీపం ఫోన్‌ది కాకూడదు.