కథలో థీమ్ పట్టుకోవడం ఎలా? ‘దిద్దుబాటు’తో చూద్దాం

థీమ్ రాయమంటే చాలామంది స్త్రీ విద్య, సంఘ సంస్కరణ అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. కథ దేని గురించో దాంతో తెలుస్తుంది, అంతే. ఆ విషయం మీద కథ ఏమంటోందో కూడా చెప్పాలి, అందుకే థీమ్‌ని ఎప్పుడూ పూర్తి వాక్యంగా రాయండి.

గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకుందాం. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చిన చిన్న కథ, చదవకపోతే ముందు చదివి రండి, ఎందుకంటే ముగింపు కూడా చెప్పేస్తున్నా. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని బదులు ఒక ఉత్తరం కనిపిస్తుంది. మీటింగులంటూ మీరు చెప్పేది అబద్ధమని తెలిసింది, నేనిక్కడ ఉండబట్టే కదా మీకు అబద్ధం ఆడాల్సి వస్తోంది, అందుకే పుట్టింటికి పోతున్నా అని దాని సారాంశం. అతను కుంగిపోతాడు. తీరా చూస్తే ఆమె మంచం కిందే నవ్వుతూ ఉంటుంది.

ముందు ఎవరు మారారో, దేనివల్ల మారారో అడగండి. గోపాలరావుని ఎవరూ తిట్టలేదు, పెద్దమనుషులు వచ్చి పంచాయితీ చెయ్యలేదు, కథంతా వెతికినా కమలిని ఎదురుగా నిలబడి అతన్ని ఒక్క మాట అన్నది లేదు, అయినా అతన్ని కదిలించింది ఆమె రాసిన ఆ నాలుగు వాక్యాలే. ఆమెకి చదువు రాకపోతే ఈ కథే లేదు.

తర్వాత మాటకీ చేతకీ పొంతన లేని చోటు వెతకండి. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో నౌకరు రాముడికి ఉపన్యాసమిచ్చే మనిషే, లోకహితం పేరు చెప్పి రాత్రుళ్లు వేశ్య పాట వినడానికి పోతూ, చదువుకున్న తన భార్యకి అబద్ధాలు చెప్పాడు.

ఈ రెండూ కలిపితే: ‘లోకాన్ని బాగుచేస్తానని తిరిగే మగవాడు ముందు తన ఇంట్లో దిద్దుకోవాలి, అతన్ని దిద్దే శక్తి భార్యకి చదువు వల్ల వచ్చింది.’

దీన్ని ముగింపు దగ్గర పెట్టి పరీక్షించండి. భర్తని వదిలి వెళ్లే స్వేచ్ఛే థీమ్ అని ఎవరైనా రాస్తే మంచం కింద నవ్వు దగ్గర అది కూలిపోతుంది. మన వాక్యం నిలబడుతుంది, పైగా కథ పేరుతో కూడా సరిపోతుంది.

వివరించేటప్పుడు మీ వాక్యం చెప్పి, కథలో చోటు చూపించి, ఆ చోటు దాన్ని ఎలా బలపరుస్తోందో రాయండి. ఈ చివరిది వదిలేస్తే జవాబు కథాసారాంశంలా మిగిలిపోతుంది. ‘భర్తలు నిజం చెప్పాలి’ లాంటి నీతి వాక్యం కూడా వద్దు, దాంట్లో చదువూ లేదు, సంస్కర్తా లేడు.

ఆడదానికి చదువెందుకనే రాముడి వైపు నుంచి చదివి మీరు వేరే థీమ్ రాసినా తప్పులేదు, దానికి కథలోంచి రెండు మూడు చోట్లు చూపించగలిగితే చాలు.