కానికో నుంచి బిల్డ్‌కిట్‌కి: క్లస్టర్ మీదే ఇమేజ్‌లు బిల్డ్ చేసేవాళ్ళకు

కుబర్నెటిస్ క్లస్టర్ (కంటైనర్లు నడిపే యంత్రాల గుంపు) మీదే, డాకర్ అక్కర్లేకుండా కంటైనర్ ఇమేజ్‌లు (యాప్‌నీ దానికి కావలసినవన్నీ కట్టిన మూటలు) తయారుచేసే పరికరం కానికో. దాని కోడ్ రిపోని గూగుల్ 2025 జూన్‌లో ఆర్కైవ్ చేసేసింది. అంటే చదువుకోవడానికే, కొత్త ఫిక్సులు రావు. గుణుపురం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి "అత్తా, కానికో పోయిందట కదా, మన పైప్‌లైన్లు ఆగిపోతాయా?" అన్నాడు. ఆగవు. పాత ఇమేజ్ రేపూ పనిచేస్తుంది, ఎల్లుండీ పనిచేస్తుంది. అయినా మా బిల్డులన్నీ బిల్డ్‌కిట్‌కి మార్చేశాను. అది కూడా ఇమేజ్‌లు కట్టే పరికరమే, నేను వాడేది రూట్ అధికారం లేకుండా నడిచే రూట్‌లెస్ రకం. బిల్డ్ నడిచే పాడ్ (కుబర్నెటిస్‌లో కంటైనర్ ఉండే గూడు) అంటే ఎక్కడెక్కడి ప్యాకేజీల ఇన్‌స్టాల్ స్క్రిప్టులూ రన్ అయ్యే చోటు. ఇమేజ్‌లు దాచే రిజిస్ట్రీ తాళంచెవి కూడా దాని జేబులోనే ఉంటుంది. అలాంటి చోట ప్యాచులు రాని సరుకు పెట్టుకోకూడదు.

కానికోనే కావాలంటే చైన్‌గార్డ్ అనే కంపెనీ వాళ్ళు దాని ఫోర్క్ (విడిగా కొనసాగించే కాపీ) నడుపుతున్నారు. సోర్స్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి దాంతో ఇమేజ్ మీరే బిల్డ్ చేసుకోవచ్చు. చిన్న చిన్న డాకర్‌ఫైళ్ళు (ఇమేజ్ ఎలా కట్టాలో లైను లైనుగా చెప్పేవి) రెండో మూడో ఉన్నవాళ్ళకు అది చాలు. మిగతావాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పర్లాకిమిడిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి పైకి పుష్ చేయడం నాకు కుదిరే పని కాదు. డౌన్‌లోడ్ బాగానే వస్తుంది, ఏడుపంతా అప్‌లోడ్ దగ్గరే. కరెంటు పోతే రౌటరూ పోతుంది, ఇమేజ్‌లోని లేయర్ (పొర) సగంలో ఆగుతుంది. గిట్‌కి కోడ్ పుష్ చేస్తే వెళ్ళేది కొన్ని కేబీలే, మిగతా బరువు ముంబైలోని క్లస్టర్ మోస్తుంది. ఒకప్పుడు నోడ్ (క్లస్టర్‌లోని ఒక యంత్రం) మీది డాకర్ సాకెట్‌ని, అంటే డాకర్‌కి ఆజ్ఞలిచ్చే ద్వారాన్ని, పాడ్‌లోకి మౌంట్ చేసి నెట్టుకొచ్చేవాళ్ళం. 2022లో కుబర్నెటిస్ 1.24తో డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్ తీసేశాక, డాకర్ బదులు కంటైనర్‌డీ వాడే నోడ్ల మీద ఆ సాకెటే ఉండదు. నోడ్ మొత్తాన్ని బిల్డ్ చేతికి అప్పగించే ఏర్పాటు అది, పోతేనే నయం.

రెండింటికీ తేడా పనితీరులోనే ఉంది. కానికో బేస్ ఇమేజ్‌ని తన కంటైనర్ రూట్ ఫైల్‌సిస్టమ్‌లోనే విప్పుకుని, ఒక్కో లైను నడిపి, ఏ ఫైళ్ళు మారాయో వెతికి లేయర్‌గా చుడుతుంది. నోడ్ మాడ్యూల్స్ లాంటి లక్ష ఫైళ్ళ ఫోల్డర్ ఉంటే ఆ వెతుకులాటకే ప్రాణం పోతుంది. బిల్డ్‌కిట్ ముందు డాకర్‌ఫైల్ మొత్తం చదివి ఏది దేని మీద ఆధారపడిందో గ్రాఫ్ గీసుకుంటుంది. సంబంధం లేని స్టేజీలు పక్కపక్కనే నడుస్తాయి, అక్కర్లేనివి అసలు నడవవు.

ముందు నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో పాడ్లను విడదీసే గది) సంగతి చూడండి, ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడే. కానికో రూట్‌గా నడిచినా నేమ్‌స్పేస్‌కి పెట్టే పాడ్ సెక్యూరిటీ నియమాల్లో బేస్‌లైన్ స్థాయి దాన్ని ఒప్పుకునేది. రూట్‌లెస్ బిల్డ్‌కిట్ మామూలు యూజర్‌గా నడుస్తుంది గానీ, ప్రాసెస్‌లను కట్టడి చేసే లైనక్స్ కాపలాలు సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్ రెండూ అన్‌కన్‌ఫైన్డ్ (కట్టడి లేకుండా) అడుగుతుంది. బేస్‌లైన్ దాన్ని గేటు దగ్గరే ఆపేస్తుంది. అందుకని బిల్డులకు విడిగా ఒక నేమ్‌స్పేస్ పెట్టి, దానికొక్కదానికే ప్రివిలేజ్డ్ లేబుల్ ఇవ్వండి. యాప్‌లు నడిచే నేమ్‌స్పేస్ జోలికి పోవద్దు. పాడ్‌లో ప్రివిలేజ్డ్ ట్రూ అని మాత్రం ఎక్కడా రాయకండి, లేబుల్ వేరు, అది వేరు.

తర్వాత జాబ్, అంటే ఒక్కసారి నడిచి ముగిసే పని. మోబీ బిల్డ్‌కిట్ ఇమేజ్‌లో రూట్‌లెస్ ట్యాగ్ తీసుకోండి, వెర్షన్ నంబరుతో పిన్ చేయండి. రన్ యాజ్ యూజర్, గ్రూప్ రెండూ 1000. యాప్‌ఆర్మర్‌ని కుబర్నెటిస్ 1.30 నుంచి సెక్యూరిటీ కాంటెక్స్ట్‌లోనే రాయొచ్చు, అంతకు ముందువాటిలో యానొటేషన్ పెట్టాలి. అలవాటు కొద్దీ అలవ్ ప్రివిలేజ్ ఎస్కలేషన్ ఫాల్స్ పెట్టకండి. లోపల న్యూయూఐడీమ్యాప్ అనే ప్రోగ్రామ్ సెట్‌యూఐడీతో (కాసేపు రూట్ అధికారం తీసుకుని) నడవాలి, ఫాల్స్ పెడితే మొదటి అడుగులోనే పడిపోతుంది. యూజర్ హోమ్ కింద డాట్ లోకల్, షేర్, బిల్డ్‌కిట్ ఫోల్డర్‌కి ఒక ఎంప్టీడిర్ (పాడ్‌తో పాటే పోయే ఖాళీ ఫోల్డర్) మౌంట్ చేసి సైజ్ లిమిట్ ఇవ్వండి, లేకపోతే ఏదో ఒక రాత్రి నోడ్ డిస్క్ నిండి పక్క పాడ్లు కూడా ఖాళీ చేయాల్సొస్తుంది. రిజిస్ట్రీ సీక్రెట్ కానికో దగ్గర వాడిన కాన్ఫిగ్ జేసన్ ఫైలే. మౌంట్ చేసే చోటు మాత్రం కానికో ఫోల్డర్ కాకుండా యూజర్ హోమ్‌లోని డాట్ డాకర్ ఫోల్డర్.

కమాండ్‌గా బిల్డ్‌సీటీఎల్ డీమన్‌లెస్ స్క్రిప్ట్ పెట్టండి. అది బిల్డ్‌కిట్ డీమన్‌ని (వెనక నడిచే సర్వీసుని) లేపి, బిల్డ్ అయ్యాక తనే దించేస్తుంది. బిల్డ్‌కిట్‌డీ ఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఓసీఐ వర్కర్ నో ప్రాసెస్ శాండ్‌బాక్స్ ఇవ్వాలి. దీనికో ఖరీదుంది. బిల్డ్‌లో నడిచే ప్రాసెస్ అదే కంటైనర్‌లోని మిగతా ప్రాసెస్‌లను, బిల్డ్‌కిట్‌ని కూడా, చంపగలదు. అందుకే నలుగురికీ కలిపి ఒకే డీమన్ నడపడం నాకిష్టం లేదు. బిల్డ్‌కో పాడ్, పనైపోతే పోతుంది.

నోడ్లు ఉబుంటు 24.04 అయితే ఇంకో మెలిక. మామూలు యూజర్లు లైనక్స్ యూజర్ నేమ్‌స్పేస్ (కుబర్నెటిస్ నేమ్‌స్పేస్ కాదు, రూట్‌లెస్ బిల్డ్‌కి కావలసింది) తెరవకుండా యాప్‌ఆర్మర్ అడ్డుకుంటుంది. లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని కనిపిస్తే పాడ్ యామల్‌ని పీకి పందిరేయకుండా, నోడ్ మీద ఆ సిస్‌సీటీఎల్ సెట్టింగ్ (యాప్‌ఆర్మర్ రెస్ట్రిక్ట్ అన్‌ప్రివిలేజ్డ్ యూజర్ ఎన్‌ఎస్) సున్నా చేయండి. ఆ రక్షణ నోడంతటికీ పోతుంది కాబట్టి బిల్డులకే ఒక నోడ్ కేటాయించి వేరే పాడ్లు దాని మీదకి రాకుండా టెయింట్ వేస్తే మంచిది.

ఇక కాష్ (మళ్ళీ వాడుకోవడానికి దాచిన పాత లేయర్లు), అసలు లాభమంతా ఇక్కడే. కానికో పోగేసిన కాష్ బిల్డ్‌కిట్‌కి అక్కరకు రాదు, మొదటి బిల్డ్ నిదానంగానే సాగుతుంది, కంగారు పడకండి. ఎక్స్‌పోర్ట్ కాష్‌లో టైప్ రిజిస్ట్రీ అని రాసి, మోడ్ మ్యాక్స్ పెట్టండి. ఏమీ పెట్టకపోతే మిన్. అంటే చివరి స్టేజ్ లేయర్లే దాస్తుంది, మధ్య స్టేజీల్లో కంపైల్ చేసినదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంపోర్ట్ కాష్‌కీ అదే రెఫరెన్స్ ఇవ్వాలి, ఇవ్వకపోతే దాచిందాన్ని ఎవరూ తియ్యరు.

మా యాప్ రైస్ మిల్లుల తూకం రసీదులు పీడీఎఫ్‌గా ఇస్తుంది. ఇటువైపు ఒకే రసీదులో రైతు పేరు తెలుగులో, ఊరి పేరు ఒడియాలో రావడం మామూలే. ఫాంట్లు లేని స్లిమ్ ఇమేజ్‌లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు పడతాయి, మిల్లులో గుమస్తా దాన్ని తీసుకోడు. డెబియన్‌లో ఫాంట్స్ నోటో కోర్ ప్యాకేజీ వేస్తే రెండు లిపులూ వచ్చేస్తాయి. ఆ లైను కోడ్ కాపీ చేసే లైనుకి పైన ఉండాలి. కింద ఉంటే కోడ్‌లో కామా మారినా ఫాంట్లన్నీ మళ్ళీ దిగుతాయి. ఆ తర్వాత రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఒక్కటే కాపీ చేసి పిప్ ఇన్‌స్టాల్, ఆఖర్న కోడ్. ఈ వరస కానికోకైనా ఇదే. రన్ లైనులో మౌంట్ టైప్ కాష్ బిల్డ్‌కిట్‌లో పనిచేస్తుంది గానీ, ఆ ఫోల్డర్ రిజిస్ట్రీ కాష్‌లోకి ఎక్కదు. పాడ్ పోతే అదీ పోతుంది, మన ఏర్పాటులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రైవేటు గిట్ టోకెన్ లాంటివి బిల్డ్ ఆర్గ్‌గా ఇవ్వకండి, ఇమేజ్ హిస్టరీలో మిగిలిపోతాయి. సీక్రెట్ మౌంట్ వాడండి.

క్లస్టర్‌లోపలి రిజిస్ట్రీ హెచ్‌టీటీపీ మీదే ఉంటే, కానికోలో ఇన్‌సెక్యూర్ ఫ్లాగ్‌తో సరిపోయేది. ఇక్కడ బిల్డ్‌కిట్‌డీ టామల్ ఫైల్‌లో ఆ రిజిస్ట్రీ పేరు కింద హెచ్‌టీటీపీ ట్రూ అని రాసి, కాన్ఫిగ్‌మ్యాప్‌గా (కుబర్నెటిస్‌లో సెట్టింగులు దాచేది) మౌంట్ చేయండి.

పాతదాన్ని వెంటనే తీసేయకండి. కొన్నాళ్ళు రెండు జాబులూ వేర్వేరు ట్యాగులకు పుష్ చేయనివ్వండి. డైజెస్ట్‌లు (ఇమేజ్ వేలిముద్రల్లాంటి హ్యాష్‌లు) ఎలాగూ కలవవు, వాటిని పోల్చి ఉపయోగం లేదు. రెండు ఇమేజ్‌లనీ నడిపి ఒకే రసీదు తీయించి చూడండి, ఫైళ్ళ ఓనర్‌షిప్, ఎంట్రీపాయింట్ సరిచూడండి. అంతా కుదిరాక కానికో జాబ్ తీసేసి, రిజిస్ట్రీలో దాని కాష్ రిపోని చెరిపేసి, దానికిచ్చిన టోకెన్ రద్దు చేయండి.